డబ్బాను ముందు పంపిన రోజు

నేను ఎల్బీ నగర్‌లోని ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేనాటికే అక్కడ ఒక మాట ఉంది. నా భర్త మహేందర్ తన చెల్లెలు జ్యోతికకు ఇచ్చిన మాట అది. ఆమె చనిపోయిన మూడో రోజున ఇచ్చాడు. ఆమె వదిలి వెళ్ళిన రోబోను చావనివ్వనని. ఆ రోబో బయట ఎక్కడా ఉండేది కాదు. టీవీ కింద అరలో ఉన్న పాత గేమ్ కన్సోల్‌లో, ఒకే ఒక ఆటలో ఉండేది. దాని పేరు డబ్బా. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. నాకు చెప్పలేదు. దాచాలని కాదు. నల్లా నీళ్ళు ఏ రోజున వస్తాయో చెప్పారు, గ్యాస్ రెగ్యులేటర్ ఎటు తిప్పాలో చెప్పారు, పక్కింటివాళ్ళ కుక్క ఎవరిని చూస్తే మొరుగుతుందో కూడా చెప్పారు. టీవీలో ఉన్న బొమ్మ గురించి కొత్త కోడలితో ఎలా మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నారు.

మే నెలలో మా పెళ్ళయింది. ఆ రోజుల్లో నాకు ఏది చూసినా ముద్దొచ్చేది. బాత్‌రూంలో మా ఇద్దరి బ్రష్షులు ఒకే గ్లాసులో ఆనుకుని ఉండటం చూసి, తలుపు వేసుకుని ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూడు స్టేషన్ల దూరమే వచ్చాను. అయినా మెట్రోలో ఎల్బీ నగర్ పేరు చదవగానే నన్నే పిలిచినట్టుండేది. మా అమ్మానాన్నలది తెనాలి వైపు, నాన్న ఇక్కడ ఒక కాలేజీలో లెక్కలు చెప్తారు. మహేందర్ వాళ్ళది నల్గొండ దగ్గర పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ పరీక్షకు చదువుతూ కలిశాం. పరీక్ష ఇద్దరికీ పోయింది. అతను బైకుల సర్వీస్ సెంటర్‌లో ఉద్యోగానికి చేరాడు, నేను ఎం.కాం. పూర్తి చేశాను. పెళ్ళికి మా వాళ్ళను ఒప్పించడానికి రెండేళ్ళు పట్టింది.

అత్తయ్య పేరు రాములమ్మ. నా మాట తీరు ఆవిడకు ఒక వినోదం.

"నా కొడుకును ఏమండీ అంటున్నవ్. వాడు ఎవల్నో పిలుస్తున్నరని ఎనకకు తిరిగి చూస్తుండు," అనేవారు.

"మరి ఏమని పిలవాలి అత్తయ్యా?"

"పేరు పెట్టి పిల్వు. ఆరు వేలు పెట్టి బారసాల చేసినం, పేరు ఊకెనే పోతుంది."

మామయ్య భిక్షపతి ఇరవై ఏళ్ళు గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్‌లో ఒక కమీషన్ దుకాణంలో పనిచేశారు. మార్కెట్ అబ్దుల్లాపూర్‌మెట్ అవతలికి మారాక ఆయన కూడా దాని వెంటే మారారు. తెల్లవారుజామున బస్సెక్కి వెళ్ళి, మధ్యాహ్నం రెండింటికి ఏదో ఒక పండుతో వచ్చేవారు. ఆ వేసవంతా నేను మామిడిపళ్ళ మీదే బతికాను. మోచేతుల దాకా రసం కార్చుకుంటూ తింటుంటే అత్తయ్య తువ్వాలు తెచ్చి ఒళ్ళో వేసేవారు.

ఇక సాయంత్రాలు. మహేందర్ ఏడింటికి వచ్చి, చేతులకంటిన గ్రీజు సబ్బుతో రుద్ది కడిగి, టీ తాగి, "డబ్బాను జర తిప్పుకొస్త," అని టీవీ ముందు కూర్చునేవాడు. అరగంట. అంతకు మించి ఆడేవాడు కాదు. అత్తయ్య కూడా వెల్లుల్లి ఒలుస్తూ పక్కన కూర్చుని చూసేవారు.

"తిన్నడా?" అని అడిగేవారు.

"తిన్నడమ్మా," అనేవాడు, డబ్బాకు ఛార్జింగ్ పెట్టి.

నాకు ఈ తల్లీకొడుకులు ఎంత బాగున్నారో అనిపించేది.

ఆటలో అది బూడిద కప్పిన ఒక ఊరు. దీపాలన్నీ ఆరిపోయి ఉంటాయి. ఎర్ర రెయిన్‌కోటు వేసుకున్న ఒక అమ్మాయి అందులో నడుస్తుంది, ఆ అమ్మాయి మనమే. వెంట రోబో ఉంటుంది. కిరోసిన్ డబ్బాకు రెండు పొట్టి కాళ్ళు, మధ్యలో ఒక గుండ్రటి దీపం కన్ను పెట్టినట్టు ఉంటుంది. జ్యోతిక అందుకే ఆ పేరు పెట్టింది. రోబోకు మనం చెప్పగలిగినవి మూడే: రా, ఆగు, ముందు పో. ఒక్కో మాటకు ఒక్కో మీట. మనం దాన్ని ఎలా చూసుకుంటే అది అలా తయారవుతుంది. దెబ్బ తగిలితే రేకు మీద సొట్ట పడుతుంది, ఆ సొట్ట ఇక పోదు. మహేందర్ డబ్బా మీద ఒక్క సొట్ట కూడా లేదు. ఎక్కడైనా పైనుంచి రాయి దొర్లినా, చీకట్లో ఏదైనా కదిలినా అది గబగబా వచ్చి అమ్మాయి వెనక నిలబడి, రెయిన్‌కోటు అంచు పట్టుకునేది.

"రోబో కదా, ముందు ఉండాలి. నీ వెనక దాక్కుంటుందేంటి?" అని అడిగాను ఒకరోజు.

"జ్యోతి నేర్పింది గట్ల. దెబ్బ తాకే కాడ నువ్వు నా ఎనక ఉండాలె అని."

"దానికి నొప్పి తెలుస్తుందా ఏంటి?"

"ఏంటి కాదు, ఏంది," అన్నాడు నవ్వుతూ. మాట అక్కడితో పోయింది.

జ్యోతిక ఫోటో హాల్లో ఉంది. ఇరవై మూడేళ్ళు. నా పెళ్ళికి రెండేళ్ళ ముందు, సెప్టెంబరులో డెంగీ వచ్చి ఆరు రోజుల్లో పోయిందని నాకు తెలుసు. ఉప్పల్‌లో ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో ఆ కన్సోల్ సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుందనీ తెలుసు. నేను చూడని ఆడబిడ్డ ఆడిన ఆటను ఆమె అన్న కాపాడుకుంటున్నాడు అనుకున్నాను, ఆమె చీరను బీరువాలో దాచినట్టు. చీరను దాచడానికీ మాట ఇవ్వడానికీ ఉన్న తేడా నాకు తెలియదు.

ఆ ఊరి చివర ఒక గేటు ఉంటుంది. గేటు అవతల తొమ్మిది అంతస్తుల బురుజు, దాని మీద ఆరిపోయిన పెద్ద దీపం. మహేందర్ డబ్బాను ఊరంతా తిప్పి, ఆ గేటు దాకా తెచ్చి, వెనక్కి తిప్పేసేవాడు. రోజూ అంతే.

"గేటు దాటవా?"

"అది కష్టం. ఉండనీ."

"నేను ఆడనా?"

"ఆడు. కిందనే తిప్పు కానీ. గేటు దిక్కు పోకు."

కష్టం అన్నాడు. నేను నమ్మాను. సర్వీసుకు వచ్చిన బైకు శబ్దం విని జబ్బేమిటో చెప్పేవాడికి ఒక ఆటలో గేటు దాటడం రావడం లేదని, అది చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాడని అనుకుని, అందుకు కూడా అతని మీద ప్రేమ పుట్టింది.

జూన్ చివరికి ఆషాఢం వస్తోంది. ఆషాఢంలో కొత్త కోడలూ అత్తా ఒకే గడప దాటకూడదంటారు, మా ఇద్దరి ఇళ్ళల్లోనూ ఈ ఒక్కటి కలిసింది. నెలంతా నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టింట్లో ఉండాలి, అల్లుడు అక్కడికి రాకూడదు.

"మూడు స్టేషన్లకు వీసా తీయాల్నా?" అని మహేందర్ నన్ను ఏడిపించేవాడు.

"నీకు నేను లేకపోతే పండగే కదా."

"డబ్బా ఉన్నడు గదా నాకు. నువ్వు పోయి రా."

ఆ మాట విన్నాకే నాకు ఆలోచన వచ్చింది. వెళ్ళేముందు అతనికి ఏదైనా ఇవ్వాలి. చొక్కా ఎవరైనా ఇస్తారు. అతనికి చేతకాని గేటు నేను దాటిపెడితే, ఆరిపోయిన ఆ ఊరంతా దీపాలు వెలిగించి చూపిస్తే, నెలంతా అతను నన్నే తలుచుకుంటాడు. ఎంత సంతోషపడ్డానంటే, ఆ రాత్రి నిద్రలో నవ్వానని మర్నాడు మహేందర్ చెప్పాడు.

అత్తయ్య మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చినప్పుడు సాధన మొదలుపెట్టాను. ఫోన్‌లో వీడియోలు చూశాను. ఆట నేర్పేవాడు ఎవరో కుర్చీలో ఊగుతూ హుషారుగా చెప్పాడు: బురుజులో ప్రతి అంతస్తుకూ ఉచ్చులుంటాయి, మీరు ముందు వెళ్తే చస్తారు, రోబోను ముందు పంపండి, దెబ్బలు అది తింటుంది, అందుకే దాన్ని మీకిచ్చారు. నాకు సబబుగానే తోచింది. ఇంట్లో మిక్సీ ఉన్నది రుబ్బడానికే కదా.

ఆషాఢం ఇక రెండు రోజులుందనగా ఆ రోజు వచ్చింది. మామయ్య మార్కెట్‌కు వెళ్ళి, అటునుంచి అటే చౌటుప్పల్‌లో చుట్టాలింటి పనికి వెళ్ళారు. అత్తయ్య హయత్‌నగర్‌లో చెల్లెలి దగ్గరకు వెళ్ళారు. పది గంటలకు తలుపు గడియ పెట్టి, గిన్నెలో బత్తాయి తొనలు పెట్టుకుని కూర్చున్నాను.

గేటు తోస్తే తెరుచుకుంది. కష్టమేమీ లేదు.

మొదటి అంతస్తులో మెట్ల ముందు మూడో మీట నొక్కాను. డబ్బా కదల్లేదు. దీపం కన్ను నా వైపు తిప్పి నిలబడింది. ఆ మాట అది ఎప్పుడూ వినలేదు కదా. మళ్ళీ నొక్కాను. వెళ్ళింది. పైనుంచి రాయి పడి ఠంగుమని మోగింది, వంటింట్లో గిన్నె జారిపడ్డట్టు. నాకు నవ్వొచ్చింది. మొదటి సొట్ట పడింది. రెండో అంతస్తులో రెండు. ప్రతిసారీ అది ఒకసారి తిరిగి చూసి వెళ్ళేది. అయిదో అంతస్తు వచ్చేసరికి తిరిగి చూడటం మానేసింది. మీట నొక్కగానే వెళ్తోంది. నేర్చుకుంది అనుకున్నాను. ట్యూషన్‌లో పిల్లలకు ఎక్కం వచ్చేసినప్పుడు కలిగే సంతోషం కలిగింది.

మూడున్నరకు పైకి చేరాం. పెద్ద దీపం ముందు డబ్బా నిలబడింది. ఒక పక్కకు నొక్కుకుపోయి, కుంటుతూ ఉంది. తెర మీద ఇంగ్లీషులో అక్షరాలు పడ్డాయి. దీపం వెలగాలంటే డబ్బా గుండెలోని బ్యాటరీ కావాలి. అది నన్ను అడిగింది, నేను వెళ్ళనా అని. కింద రెండు దారులున్నాయి: వెళ్ళమనడం, లేదా ఇద్దరూ వెనక్కి దిగిపోవడం. దిగిపోతే ఊరు చీకట్లోనే ఉంటుంది, ఆట అవదు.

వెళ్ళమన్నాను. నాలుగడుగులు వేసి, తిరిగి వచ్చి, నా వెనక నిలబడి రెయిన్‌కోటు పట్టుకుంది. మీట సరిగా నొక్కలేదేమో అనుకుని మళ్ళీ వెళ్ళమన్నాను. ఈసారి సగం దాకా వెళ్ళి వచ్చింది. మూడోసారి నొక్కాను. వెళ్ళింది.

దీపం వెలిగింది. ఊళ్ళో ఒక్కో కిటికీ, ఒక్కో వీధి వెలుగుతూ పోయింది. ఎక్కడినుంచో వయొలిన్లు వచ్చాయి. నేను ఏడ్చాను, అది బాధ కాదు, అంత అందాన్ని నేనే చేశానన్న ఏడుపు. ఆట తయారుచేసినవాళ్ళ పేర్లు వచ్చి పోయాయి. తర్వాత నల్లటి తెర మీద రెండు మాటలు మిగిలాయి: కొత్త ఆట. ఈ గేమ్ మన దారిని ఒక్కచోటే సేవ్ చేసుకుంటుంది, దాటిన అడుగు వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. అది నాకు తెలుసు. తెలిసీ, ఇంకేం కావాలి అనుకున్నాను.

సేమ్యా పాయసం వండాను.

అత్తయ్య ఆరింటికి, మహేందర్ ఏడింటికి వచ్చారు. అతని టీ చల్లారేదాకా కూడా ఆగలేక చెప్పేశాను.

"గేటు దాటాను. మొత్తం అయిపోయింది. ఊరంతా దీపాలు వెలిగాయి, నీకోసమే."

అతను కన్సోల్ ఆన్ చేశాడు. నల్లటి తెర, కొత్త ఆట. రిమోట్‌ను రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు అట్లాగే చూశాడు.

"డబ్బా?"

"చివర్లో అది... దీపం కోసం వెళ్ళాలి. కథ అంతే."

వెనక వంటగది గుమ్మంలో అత్తయ్య చేతిలోని వెల్లుల్లి చేట కింద పెట్టిన చప్పుడు వినపడింది. నాకు భయమేసింది. భయంలో మనిషి ఏదో ఒకటి అంటాడు.

"గేమే కదా మహేందర్. మళ్ళీ మొదటినుంచి ఆడుకోవచ్చు."

అతను అప్పుడు నా వైపు చూశాడు. "నేను గూడ జ్యోతితోని గదే మాట అన్న," అని, లేచి మేడ మీదికి వెళ్ళిపోయాడు.

అత్తయ్య వచ్చి నా పక్కన కూర్చున్నారు. పాయసం గిన్నెను పక్కకు జరిపి, నేలను చెంగుతో తుడిచి, నా వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టారు.

"మూడొద్దుల నాడు పిట్టకు పెట్టినం బిడ్డా. మీ దిక్కు ఎట్లనో నాకు తెల్వదు. మా దిక్కు పోయినోళ్ళకు ఇష్టమైనయ్ అన్ని వండి, కాటికి తీస్కపోయి ఆకుల పెట్టి, జరంత దూరం జరిగి నిలవడ్తం. కాకి ఒచ్చి ముట్టాలె. ముట్టకుంటె ఆ మనిషికి ఏదో కొరత ఉన్నట్టు. పిల్లకు మిర్చి బజ్జీలు ఇష్టం. పులిహోర ఇష్టం. కోడికూర వండిన. అన్ని పెట్టినం. కాకి గోడ మీద కూసుంది. దిగదు. ఎండ మాడుతుంది. మీ మామ అన్నడు, నీ బండి అమ్మం బిడ్డా అని. దిగలే. నేను అన్న, నీ దోస్తు లగ్గానికి నీ పేరు మీద నేను చీర పెడ్త అని. దిగలే. అందరం పరేషాన్. అప్పుడు మహేందర్ ముంగటికొచ్చి అన్నడు, 'జ్యోతీ, నీ డబ్బాను నేను చూస్కుంట. సచ్చిపోనియ్య' అని. అనుడుతోని దిగింది. బజ్జీ నోట కరుసుకొని పోయింది."

"నాకు ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"ఏమని చెప్తం? టీవీల బొమ్మకు నా కొడుకు కావలి ఉన్నడని చెప్తమా? మీవోళ్ళు చదువుకున్నోళ్ళు. నవ్వుతరని."

చెప్పి ఉంటే నేను నవ్వేదాన్ని. ముచ్చటపడి, అందరికీ చెప్పి నవ్వేదాన్ని. ఆవిడ అన్నది అబద్ధం కాదు.

మర్నాడు పొద్దున మహేందర్ నన్ను పలకరించకుండానే పనికి వెళ్ళాడు. నాకు ఇంకా ఏదో చేయగలనన్న ఆశ. కన్సోల్ పెట్టి కొత్త ఆట తెరిచాను. బూడిదలోంచి ఒక రోబో లేచి వచ్చింది, మెరుస్తూ, ఒక్క సొట్ట లేకుండా. నాకు పేరు పెట్టు అంది. అత్తయ్యను పిలిచి చూపించాను. ఆవిడ దగ్గరగా వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని చూశారు. ఆటలో పైన ఏదో పడిన చప్పుడైతే ఆ రోబో ఉన్నచోటే నిలబడింది.

"గీడు మన డబ్బా కాదు బిడ్డా," అన్నారు. "గీనికి మనం ఎవలమో తెల్వదు. బంద్ చెయ్."

సాయంత్రం నన్ను దిల్‌సుఖ్‌నగర్‌కు పంపించారు. మామయ్య బత్తాయిల సంచి మోసుకుని స్టేషన్ దాకా వచ్చారు. ఎస్కలేటర్ కింద ఆగి, "వాడు మాట్లాడ్తడు. పిట్ట ముట్టిన మాట గదా, జర టైం పడ్తది," అన్నారు. నన్ను తిట్టడానికి ఆ ఇంట్లో ఒక్కరూ దొరకలేదు. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని.

పుట్టింట్లో అమ్మ నా చేతులకు గోరింటాకు పెట్టింది. ఎర్రగా పండితే మొగుడికి ప్రేమ ఎక్కువ అంటారు. నల్లబడేంత పండింది. పదకొండు రోజులు మహేందర్ ఫోన్ చేయలేదు. నేను చేస్తే "పనిల ఉన్న" అనేవాడు, కోపంగా కూడా కాదు. నేను అద్దం ముందు నిలబడి చెప్పాల్సిన మాటలు కట్టుకునేదాన్ని. డబ్బా హాయిగా వెళ్ళింది. నవ్వుతున్నట్టే వెళ్ళింది. దానికేమీ తెలియలేదు. ఏ మాటతో అతని మనసు కుదుటపడుతుందో అది చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

పన్నెండో రోజు అతనే చేశాడు. "చైతన్యపురి స్టేషన్ల కలుద్దాం. మీ ఇల్లు కాదు, మా ఇల్లు కాదు."

దిల్‌సుఖ్‌నగర్ తర్వాతి స్టేషనే చైతన్యపురి. సాయంత్రం అయిదున్నర. నేను దిగిన ప్లాట్‌ఫాం మీద, చివరి బెంచీలో, సర్వీస్ సెంటర్ నీలం చొక్కాలోనే కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. చూడగానే నాకు పరుగెత్తాలనిపించింది, నెమ్మదిగానే వెళ్ళి కూర్చున్నాను.

"తిన్నవా?" అన్నాడు.

"తిన్నాను."

ఒక బండి వచ్చి వెళ్ళింది.

"జ్యోతి దవాఖానకు పోయే ముంగట రోజు గా గేటు కాడికి ఒచ్చింది," అన్నాడు. "ఒళ్ళు కాలుతుంది జ్వరంతోని. ఎట్లనో ముందే తెల్సుకుంది, లోపల్కి పోతె డబ్బా ఉండడని. నన్ను అడిగింది. 'అన్నా, వాడిని పంపుడు తప్పా? ఊరు బాగుపడ్తది, కానీ వాడు నన్ను నమ్మిండు గదా' అని. నేను బండి చావి తీస్కుంట నవ్విన. గేమే గదనే అన్న. ఇంక మళ్ళ అడగలే."

నేను అతని చెయ్యి పట్టుకోబోయి ఆగాను.

"జ్యోతి పోయినప్పుడు నేను లేను. ప్లేట్‌లెట్లకని బ్లడ్ బ్యాంకు కాడ లైన్ల నిలవడ్డ. ఒచ్చేసరికి అయిపోయింది. నర్సు అన్నది నిద్రల పోయిందని. అమ్మ గూడ నిద్రల పోయిందన్నది. ఇద్దరు ఒక్క తీరుగ అన్నరు మృదులా, ఒక్క అక్షరం తేడా లేకుంట. అప్పటిసంది నాకు నమ్మ బుద్ధి కాలే." అతను నా వైపు తిరిగాడు. "డబ్బా పోయినప్పుడు నువ్వు ఉన్నవు. నేను లేను. సక్కగ చెప్పు."

కట్టుకుని వచ్చిన మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. హాయిగా వెళ్ళింది అంటే చాలు. అతను తల ఊపేవాడు. అతనికి ఒకే తీరుగా చెప్పేవాళ్ళు ముగ్గురమయ్యేవాళ్ళం.

"మొదట వెళ్ళలేదు," అన్నాను. "నేను ముందు పొమ్మంటే నా వైపు చూసింది. ప్రతి అంతస్తులోనూ చూసింది. అయిదో అంతస్తు నుంచి చూడటం మానేసింది."

"సొట్టలు పడ్డయా?"

"పడ్డాయి. కుంటింది కూడా."

అతను రెండు మోచేతులూ మోకాళ్ళ మీద ఆనించి కిందకు చూస్తున్నాడు. నేను చెప్పడం ఆపలేదు, ఆపితే మళ్ళీ చెప్పగలనో లేదో తెలియదు. పై అంతస్తులో అది అడిగిన సంగతి చెప్పాను. వెనక్కి వచ్చి రెయిన్‌కోటు పట్టుకున్న సంగతి చెప్పాను.

"ఎన్నిసార్లు ఒచ్చిండు?"

"రెండుసార్లు."

"మూడోసారి?"

"మూడోసారి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు కన్ను దీపం ఆర్పుకుని వెళ్ళింది. నేనెందుకో అది అప్పుడు పట్టించుకోలేదు."

అతని భుజాలు కదిలాయి. పెళ్ళికి ముందూ తర్వాతా అతను ఏడవగా నేను చూడలేదు. శబ్దం లేదు. పక్క బెంచీలో ఉన్న ఒకావిడ తన చిన్నపాపను ఎత్తుకుని కొంచెం దూరం జరిగింది. నేను అతని వీపు మీద చెయ్యి వేయలేదు. వేసే హక్కు నాకుందో లేదో తెలియలేదు.

చాలాసేపటికి ముఖం తుడుచుకున్నాడు. "భయపడ్డది," అన్నాడు.

"అవును."

"నువ్వు నాకు ఒట్టి మాటలు చెప్తవనుకున్న."

"చెప్దామనే వచ్చాను."

అతను లేచాడు. "మీ అమ్మ చూస్తుంటది. పో."

"నువ్వు?"

"నేను గూడ పోత."

నేను తిరిగి దిల్‌సుఖ్‌నగర్‌కు వెళ్ళాలంటే మెట్లు దిగి అవతలి ప్లాట్‌ఫాం ఎక్కాలి. ఎక్కి చూస్తే అతను ఎదురుగా అదే బెంచీలో మళ్ళీ కూర్చుని ఉన్నాడు. మా మధ్య రెండు పట్టాల దారులు. ఎల్బీ నగర్ బండి వచ్చింది, వెళ్ళింది. అతను ఎక్కలేదు. నా బండి వచ్చింది. నేనూ ఎక్కలేదు. నా ఫోన్ మోగింది.

"ఇంకొకటి," అన్నాడు. పట్టాల మీదుగా నన్నే చూస్తున్నాడు. "దీపం ఎలిగినంక నువ్వు ఏం చేసినవ్?"

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు.

"చప్పట్లు కొట్టాను," అన్నాను. "లేచి నిలబడి కొట్టాను."

ఫోన్‌లో అతని ఊపిరి, అతని వెనక స్టేషన్ అనౌన్స్‌మెంటు వినపడుతున్నాయి. అదే అనౌన్స్‌మెంటు నా రెండో చెవిలోనూ వినపడుతోంది.

"ఊరు ఎట్ల కనిపించింది?"

చెప్పాను. ముందు ఒక కిటికీ, తర్వాత ఒక వీధి. నేను చెప్తుండగానే మా మధ్యకు బండి వచ్చి ఆగింది, అతను కనిపించలేదు. అయినా చెప్తూనే ఉన్నాను. బండి కదిలి వెళ్ళిపోయాక చూస్తే బెంచీలోనే ఉన్నాడు, ఫోన్ చెవి దగ్గరే ఉంది.